గుణకారము చేయు చక్రము

మండవల్లి ప్రాంతమున చెరువు గట్లమీద పెరిగిన పిల్లలకు మోటారు, స్టార్టరు, ఫేజు అను మాటలు ఓనమాలకన్న ముందే పరిచితములు. కావుననే, ఓమ్ సూత్రము చెప్పుచున్న తరగతిలో ఒక విద్యార్థి లేచి, "వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గాలంటున్నారు గదా మాస్టారూ, మరి లో వోల్టేజి వచ్చినప్పుడే మా చెరువు మీద మోటారు కాలిపోతుందేం?" అని అడిగినప్పుడు, తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు సన్నగిల్లి చేపలు పైకి తేలు వేళ మోటారుతో తెడ్డులు త్రిప్పి నీటికి గాలి అందించు ఏరియేటరు ఆగిపోయిన ఇంటినుండి ఆ ప్రశ్న వచ్చినదని నాకు వెంటనే బోధపడినది. దానికి తగిన సమాధానము నల్లబల్లమీద కంటె కరెంటు మీటరులోనే స్పష్టముగ కనబడును. ఆ యంత్రముపై నాకుగల మక్కువ కూడ ఈ వ్యాసమునకు కారణము.

కొలోన్ నగరమున బడిపంతులుగా నుండి, ఒక కొన మరగు నీటిలోను, వేరొక కొన కరగు మంచులోను ఉంచిన లోహపు జంటతో నిలకడగల వోల్టేజిని సాధించి ప్రయోగములు చేసిన జార్జి సైమన్ ఓమ్, వాటి సారమును 1827లో గ్రంథముగ వెలువరించెను. వోల్టేజిని కరెంటుచే భాగించినచో నిరోధము, గుణించినచో సామర్థ్యము లభించును. ఒకే జంట సంఖ్యలనుండి రెండు వేరు వేరు సత్యములు వెలువడుట నాకు నేటికిని ఆశ్చర్యకరమే. 230 వోల్టులకు 1000 వాట్లు తీసికొను నీళ్లు కాచు కడ్డీలో సుమారు 4.35 ఆంపియర్లు ప్రవహించును, దాని నిరోధము 53 ఓములు. వోల్టేజి 180కి పడిపోయినచో కరెంటు 3.4కు దిగును, సామర్థ్యము 612 వాట్లు మాత్రమే మిగులును. కడ్డీ విషయమున విద్యార్థి చదివిన పాఠము అక్షరాల నిజము.

అయితే వోల్టేజి, కరెంటుల ఈ లబ్ధమును రేయింబవళ్లు ఎవరు కట్టవలెను? ఎడిసన్ తన మీటరులో జింకు పలకలను ద్రావణమున ముంచి, నెల కొకసారి వాటిని తూకము వేయించెడివాడు. అది కరెంటును మాత్రమే ఎరుగును. 1888లో వెస్టింగ్‌హౌస్ సంస్థ ఇంజనీరగు ఆలివర్ షాలెన్‌బర్గర్, పరీక్షలో నున్న ఆర్కు దీపములోనికి జారిపడిన చిన్న స్ప్రింగు తనంతట తాను తిరుగుచుండుట గమనించి, కొలది వారములలోనే తిరుగుడు మీటరును నిర్మించెను. ఎంతటి ప్రతిభ! కాని అదియు ఆంపియర్లనే లెక్కించినది. వోల్టేజిని సైతము లెక్కలోనికి తెచ్చి రెంటిని గుణింపజేసిన ప్రేరణ మీటరును మరుసటి సంవత్సరము బుడాపెస్టులోని గాంజ్ కర్మాగారమున ఓట్టో బ్లాతీ రూపొందించెను. ఈ పోటీలో నా అభిమానము బ్లాతీ పక్షమే.

ఆ మీటరులో నున్నదెల్ల, సన్నని ఇరుసుమీద నిలిచిన అల్యూమినియపు బిళ్ళ. దాని కొక ప్రక్క సన్నతీగె వేలాది చుట్లు చుట్టిన వోల్టేజి చుట్ట, మరియొక ప్రక్క లావుతీగె కొలది చుట్లే చుట్టిన కరెంటు చుట్ట అమరియుండును. చుట్లు పెక్కుగ నుండుటచే మొదటిదాని అయస్కాంత క్షేత్రము వోల్టేజికంటె పాతిక ఆవర్తనము వెనుకబడి, రెండవదాని క్షేత్రము కరెంటుతో కలిసి నడచును. ఒకటి హెచ్చి తగ్గునంతలో రెండవది హెచ్చుచుండుటవలన బిళ్ళలో సుడి కరెంటులు పుట్టి, ఒక క్షేత్రము పుట్టించిన సుడిని రెండవ క్షేత్రము ముందునకు నెట్టును. అయస్కాంత క్షేత్రములో నున్న కరెంటుపై పడు బలము ఆ రెంటి లబ్ధమే గదా! కావున ఆ నెట్టుడులోనే గుణకారము జరిగిపోవుచున్నది. పండ్లచక్రములు చేసిన పని లబ్ధమును కూడి అంకెలుగ చూపుటయే. వోల్టేజి, కరెంటు పరస్పరము అడుగు తప్పినచో, అడుగు కలిసిన భాగము మాత్రమే బిళ్ళను త్రిప్పును. ఇంతటితో ఆగినచో బిళ్ళ అంతకంతకు వేగము పుంజుకొనును. కావున దాని అంచున శాశ్వతాయస్కాంతము నొకదానిని ఉంచిరి. వేగమెంత హెచ్చిన దాని నిరోధక బలమును అంతే హెచ్చును గనుక, బిళ్ళ వేగము సామర్థ్యమునకు సరియైన అనుపాతమున స్థిరపడును. 600 తిరుగుళ్లకు ఒక యూనిట్ అని వ్రాసియున్న మీటరులో ఒక చుట్టునకు 12 సెకండ్లు పట్టినచో, ఆ ఇంటివారు అప్పుడు 500 వాట్లు వాడుచున్నారన్నమాట.

ఇక చెరువు మోటారు సంగతి. రాత్రివేళ ఏరియేటర్లన్నియు ఒక్కమారు తిరుగునప్పుడు లైను తీగెలలో కరెంటు హెచ్చి, తీగెల నిరోధముచే కొన్ని వోల్టులు దారిలోనే హరించిపోవును. లైను చివరనున్న మోటారుకు వోల్టేజి తగ్గినను, తెడ్డులు నీటిని చిమ్మవలసిన పని తగ్గదు. పని తగ్గనిచో మీటరు కట్టు లబ్ధమును తగ్గరాదు, కావున కరెంటు హెచ్చవలసినదే. మోటారులో తిరుగు భాగమగు రోటరు, తన్ను నడుపు తిరుగు అయస్కాంత క్షేత్రమునకు మరికొంత వెనుకబడును, ఆ వెనుకబాటు హెచ్చినకొలది రోటరులో ప్రేరిత విద్యుత్తు బలపడి, మోటారు లైనునుండి అధికముగ కరెంటు లాగును. అక్కడ వోల్టేజిని కరెంటుచే భాగించి వచ్చినదానిని తీగెచుట్ట నిరోధమని భ్రమపడరాదు. చుట్ట వేడిమి కరెంటు వర్గముననుసరించునది గనుక, కరెంటు నాలుగవ వంతు హెచ్చినచో వేడిమి ఒకటిన్నర రెట్లు దాటును. పైగా హెచ్చిన కరెంటు లైనులో మరికొన్ని వోల్టులను మ్రింగును. తీగెలపై వార్నీషు మాడిపోవుటకు ఇంతకన్న వేరు కారణము అక్కరలేదు.

గుడివాడకు సమీపముననున్న కవుతరమునకు చెందిన నార్ల తాతారావుగారు రాష్ట్ర విద్యుత్ బోర్డునకు అధ్యక్షులుగా నుండిన కాలమున ఊరూర ఇండ్ల గోడలపై తిరిగినది ఈ బిళ్ళయే. పిమ్మట ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చినవి. అవియు వోల్టేజి, కరెంటుల క్షణిక విలువలను సెకండుకు వేలసార్లు గుణించి కూడుచునే యున్నవి. బిళ్ళకు బదులు ఎర్రదీపము మెరయును. మీ మీటరుపై 3200 మెరుపులకు ఒక యూనిట్ అని యున్నచో, రెండు మెరుపుల నడిమి కాలమును సెకండ్లలో కొలిచి, 1125ను దానిచే భాగించి చూడుడు. ఆ క్షణమున మీ ఇల్లు తీసికొనుచున్న వాట్లు అవియే.