వేడి పైకి.. విద్యుత్తు పక్కకు!

పావు వంతు అల్యూమినియం చేరితే ఇనుములో పది రెట్ల ఫలితం

బొగ్గు విద్యుత్ కేంద్రంలో పుట్టే వేడిలో సగానికి పైగా విద్యుత్తుగా మారకుండానే గాలిలో, నీటిలో కలిసిపోతుంది. వాహనాల ఇంజిన్లదీ ఇదే పరిస్థితి. ఇలాంటి వేడిని టర్బైన్లు లేకుండా నేరుగా విద్యుత్తుగా మార్చే మార్గం కొత్తదేమీ కాదు. దీనికి మూలమైన ప్రభావాన్ని జర్మన్ శాస్త్రవేత్త థామస్ సీబెక్ 1821లోనే గుర్తించారు. 1977లో అమెరికా ప్రయోగించిన వాయేజర్ వ్యోమనౌకలకు ప్లుటోనియం వేడి నుంచి విద్యుత్తు అందించినదీ ఈ సూత్రమే.

చిక్కల్లా పదార్థంతోనే. సాధారణ ఉష్ణోగ్రతల వద్ద మెరుగ్గా పనిచేసే బిస్మత్ టెల్యురైడ్ పెళుసైనది. అందులోని టెల్యురియం చాలా అరుదు. పైగా వేడి సాగే దిశలోనే వోల్టేజీ పుడుతుంది కనుక చిన్న చిన్న దిమ్మెలను వరుసగా నిలబెట్టి ఎన్నో అతుకులతో కలపాలి. వంపు తిరిగిన గొట్టానికి ఇది చుట్టుకోదు.

టోపలాజికల్ సెమీమెటల్స్‌పై శాస్త్రవేత్తలకు ఆసక్తి కలగడానికి ఇదొక కారణం. వీటిలో ఎలక్ట్రాన్ల రెండు శక్తి పట్టీలు కొన్ని బిందువుల వద్ద, కొన్నింటిలో గీతల వెంబడి, ఒకదానినొకటి తాకుతాయి. పదార్థానికి అయస్కాంత గుణం కూడా ఉంటే అక్కడి ఎలక్ట్రాన్లు, ఏటిని నేరుగా దాటబోయిన పడవలా, పక్కకు ఒరుగుతాయి. వేడి కింది నుంచి పైకి వెళ్తుంటే వోల్టేజీ అడ్డంగా పుడుతుంది. దీనినే అసాధారణ నెర్న్‌స్ట్ ప్రభావం అంటారు. కోబాల్ట్, మాంగనీసు, గాలియంల సమ్మేళనంలో ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 6 మైక్రోవోల్టులు వస్తున్నట్లు 2018లో జపాన్ పరిశోధకులు వెల్లడించారు. అయితే కోబాల్ట్ ఖరీదైన లోహం.

2020లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన సతోరు నకట్సుజి బృందం చవకైన దారి చూపింది. కంప్యూటర్ సాయంతో అనేక పదార్థాలను జల్లెడ పట్టి చివరకు ఇనుము వద్ద ఆగింది. ప్రతి నాలుగు పరమాణువుల్లో ఒకటి అల్యూమినియం అయితే 4, గాలియం అయితే 6 మైక్రోవోల్టులు నమోదయ్యాయి. ఒట్టి ఇనుముతో పోలిస్తే ఇది పది రెట్లకు పైమాటే. పావు వంతు కలిపిన దానిని మిశ్రమ లోహం అనడమే సబబు గానీ పరిశోధకులు డోపింగ్ అనే అన్నారు. నిజానికి ఇది సెమీమెటల్ కూడా కాదు, లోహమే. కానీ దీనిలోనూ శక్తి పట్టీలు తాకే గీతలు వలలా అల్లుకుని ఉన్నాయి.

ఆ వల ఉన్నంత మాత్రాన చాలదు. చెరువు నీరు తూము మట్టానికి చేరితేనే కాలువ పారుతుంది. ఎలక్ట్రాన్ల మట్టం కూడా సరిగ్గా ఆ వల దగ్గరకు చేరాలి. కలిపిన మూలకం చేసే పని ఇదే. మోతాదు ఎక్కువైనా తక్కువైనా మట్టం తప్పుతుంది.

ఈ మిశ్రమాలను పలుచని పొరలుగానూ తయారు చేశారు. బయట అయస్కాంతం పెట్టకున్నా అవి పనిచేశాయి. వోల్టేజీ పొర పొడవునా పుడుతుంది కనుక పట్టీ ఎంత పొడవుంటే అంత ఎక్కువ వస్తుంది. గొట్టాలకు చుట్టవచ్చుననే ఆశ అక్కడిదే.

అయితే బిస్మత్ టెల్యురైడ్ డిగ్రీకి దాదాపు 200 మైక్రోవోల్టులు ఇస్తుంది. ఒక వోల్టు అంటే పది లక్షల మైక్రోవోల్టులు. పొర పలుచనైన కొద్దీ విద్యుత్ నిరోధం పెరిగి, చేతికందే శక్తి మరింత తగ్గుతుంది. అందువల్ల విద్యుదుత్పత్తి కంటే ముందు, ఒక గోడ గుండా ఎంత వేడి బయటకు పోతోందో కొలిచే సెన్సర్లలో వీటి వాడకానికి అవకాశం ఎక్కువ. ఆ పనికి కొద్ది మైక్రోవోల్టులు చాలు.