కాకలకము – నాదోత్పత్తి

వ్యాకరణమును బఠించు ప్రతివిద్యార్థియు మొట్టమొదట నేర్చునది వర్ణముల స్థానప్రయత్నములు. బాహ్యప్రయత్నములు పదునొకండనియు, అవి వివారము, సంవారము, శ్వాసము, నాదము, ఘోషము, అఘోషము, అల్పప్రాణము, మహాప్రాణము, ఉదాత్తము, అనుదాత్తము, స్వరితము అనియు వల్లించి యప్పగించుటతో నా ప్రకరణము ముగియును. వివారమనఁగా నేమి తెఱచుకొనుట? సంవారమనఁగా నేమి మూసికొనుట? అని యడిగిన బాలునకుఁ ‘గంఠము’ అను నుత్తరము మాత్రము లభించును. ఆ కంఠమునం దే భాగము తెఱచుకొనుచున్నదో, యే భాగము మూసికొనుచున్నదో చూపి చెప్పువా రరుదు. ఈ పేరులు వట్టి సంజ్ఞలు కావనియు, నేఁడు దర్పణముతోఁ గంటఁ జూడఁదగిన యొక యవయవముయొక్క స్థితిభేదములే యనియు నిరూపించుట యీ వ్యాసముయొక్క ప్రయోజనము.

‘బాహ్యము’ అను పేరినుండియే మొదలిడుదము. సవర్ణసంజ్ఞను విధించు పాణినిసూత్రమున (1-1-9) ఆస్యశబ్ద మున్నది. ఆస్య మెంతవఱ కని విచారించుచుఁ బతంజలి, పెదవులు మొదలుకొని కాకలకమునకు ముందువఱకు నున్న ప్రదేశ మాస్యమని మహాభాష్యమున నిర్ణయించెను. కాకలకమనఁగా మెడయందు ముందునకుఁ బొడుచుకొని వచ్చిన యున్నతప్రదేశమని కైయటుఁడు వివరించెను. పురుషుల మెడలో మ్రింగునపుడు పైకిఁ గ్రిందికిఁ గదలుచుఁ గనఁబడు ముడి యిదియే. దీనికి లోపల జరుగు ప్రయత్న మాస్యమునకు వెలుపలిది గావున బాహ్యమైనది. కకార గకారములకు ఆస్యమునందలి స్థానమును స్పర్శయు సమానము. భేదము కాకలకమునందు మాత్రమే. కావుననే యవి పరస్పరము సవర్ణములైనవి. ఇట్లు సవర్ణసంజ్ఞకు హద్దుగా నిలిచిన యవయవమును జక్కఁగా నెఱుఁగకున్నచో సూత్రార్థమే సగ మెఱుఁగనట్లగును.

ఈ కాకలకము వెనుక నున్న పెట్టెను నేఁటి శరీరశాస్త్రజ్ఞులు స్వరపేటిక యందురు. అది వాయునాళముయొక్క శిఖరము. దానియం దెముకలు లేవు. తొమ్మిది మృదులాస్థు లున్నవి. సుశ్రుతుఁ డస్థుల నైదు తెగలుగా విభజించి, ముక్కు, చెవి, మెడ, కనుగూళ్లయందలి వానిని దరుణాస్థులని పేర్కొనెను. మృదులాస్థి కిదియే ప్రాచీననామము. తొమ్మిదింటిలో మూఁడు ఒంటివి, ఆఱు జంటలు. ఒంటివానిలోఁ బెద్దది అవటువు. రెండు పలకలు ముందువైపునఁ గలిసి, తెఱచిన పుస్తకమువలె వెనుకకు విచ్చుకొని యుండును. పలకలు కలియు కోణము పురుషులందు సుమారు 90 అంశలు, స్త్రీలందు సుమారు 120 అంశలు. పురుషుల కాకలకము పైకిఁ గనఁబడుటకు హేతు విదియే. దాని క్రింద నున్నది వలయాస్థి. ముందు సన్నమై వెనుక వెడల్పైన ముద్రికవలె నుండును. మూఁడవది యుపజిహ్విక, మ్రింగునపుడు ద్వారమునకు మూఁతగా నుండు నాకువంటిది. అంగుటినుండి వ్రేలాడు కొండనాలుక వేఱు, ఇది వేఱు. జంటలలో ముఖ్యములు దర్వికాస్థులు. గరిటెను బోలినవని యా పేరు. ఇవి ముద్రికయొక్క వెనుకటి యంచుపైఁ గూర్చుండి, తిరుగుటకును జరుగుటకును వీలుగా నమరి యున్నవి. మిగిలిన రెండు జంటలును మిక్కిలి చిన్నవి.

తరుణాస్థులు పెట్టెకు గోడలు మాత్రమే. దానిని బలుకఁజేయునవి వానిని బంధించు సంయోజకధాతువులు. నాలుక మొదటనున్న కంఠికాస్థినుండి యవటువు వఱకు నొక విశాలమైన పొర దిగి పెట్టె నంతటిని వ్రేలాడఁదీయుచున్నది. మ్రింగునపుడు కాకలకము పైకెగయుట యీ బంధముచేతనే. వలయాస్థినుండి సాగెడుగుణముగల మఱియొక పొర లోపలివైపునఁ బైకి వచ్చుచు సన్నగిల్లి, దాని పై యంచు ముందు అవటువు కోణమునందును, వెనుక దర్వికాస్థులయందును దగుల్కొనును. ఆ యంచే స్వరస్నాయువు. కుడియెడమలనున్న యీ స్నాయువులపైఁ గండయుఁ దడిపొరయు నెక్కిన మడతలకే స్వరతంత్రు లని పేరు. వాని నడిమి సందే వైయాకరణులు చెప్పిన గలబిలము, కంఠబిలము. స్వరతంత్రులకుఁ బైన నింకొక జత మడత లున్నవి. అవి సామాన్యోచ్చారణమునఁ బాల్గొనవు.

‘తంత్రి’ యను పేరు వీణతీఁగను స్ఫురింపఁజేయును గాని యీ యంగము తీఁగవంటిది కాదు. పొరలు పొరలుగా నున్న మడత. పైన నత్యంతము పలుచని చర్మము. దాని క్రింద జిగురువలె మెత్తని పొర. 1895లో దీనిని వర్ణించిన జర్మను పండితుఁడు రైంకె పేర నిది నేఁటికిని వ్యవహరింపఁబడుచున్నది. దాని క్రింద సాగుడునిచ్చు ఎలాస్టిన్ పోగులు, వానిక్రింద గట్టిదనము నిచ్చు కొల్లాజెన్ పోగులు. ఈ రెండును గలిసి స్వరస్నాయువు. అన్నిటికంటె లోపల మాంసపేశి. పై పొరలు కప్పువలెను, లోపలి పేశి దేహమువలెను నుండి, దేహము బిగిసినను గప్పు తేలికగాఁ దరఁగలెత్తఁగలదని 1970ల దశకమున జపానుదేశపు వైద్యుఁడు హిరానో నిరూపించెను.

ఇఁక నాద మెట్లు పుట్టును? ఊపిరి తీయునపుడు దర్వికాస్థులు వెలుపలికిఁ దిరిగి కంఠబిలము త్రికోణముగాఁ దెఱచుకొనును. ఇదియే వివారము, అప్పుడు వెడలునది శ్వాసము. పలుకఁబోవునపు డవి లోపలికిఁ జేరి తంత్రులు దగ్గఱగును. ఇదియే సంవారము. క్రిందనుండి వచ్చు గాలి వాని నెడము చేసికొని వెలువడును. వెడలు గాలివేగముచేతను దమ సాగుడుచేతను నవి మరలఁ గలియును. ఈ కలయిక విడయికలు పురుషులందు సెకనునకు సుమారు నూఱు మొదలు నూటముప్పది మాఱులు, స్త్రీలందు సుమారు రెండువందల మాఱులు జరుగును. పురుషుల తంత్రుల నిడివి 17 మొదలు 25 మిల్లీమీటర్లు, స్త్రీలది 12 మొదలు 17 మిల్లీమీటర్లు గావున నీ భేదము గలిగినది. మెదడు ప్రతికంపమునకు నొక్కొక్క యాజ్ఞ పంపుట లేదనియు, గాలియు సాగుడును గలిసియే కంపమును బుట్టించుననియు 1958లో డచ్చి పండితుఁడు వాన్ డెన్ బెర్గ్ స్థాపించెను. ఈ యవయవమును బ్రతికియున్న మనుష్యునియందుఁ జిన్న దర్పణముతోఁ జూచి 1855లో విద్వత్సభకు నివేదించినవాఁడు లండనునందలి గానాచార్యుఁడు మాన్యువెల్ గార్సియా.

కంఠబిలమును దెఱచు పేశి యొక్క జతయే, మూయునవి పెక్కు. తంత్రులను సాగఁదీయు పేశికిఁ దప్ప దక్కిన యన్నిటికిని ఆజ్ఞఁ గొనివచ్చు నాడి చిత్రమైనది. అది మెడను దాఁటి ఱొమ్ములోనికి దిగి, యెడమవైపున బృహద్ధమనిని జుట్టి, మరల వాయునాళపుఁ బ్రక్కనుండి పైకెక్కి స్వరపేటికను జేరును. దీనికి దెబ్బ తగిలిన స్వరము చెడును. సుశ్రుతుఁడు కంఠనాడి కిరుప్రక్కల నీలలు, మన్యలు అను నాలుగు మర్మములను జెప్పి, అవి గాయపడినచో మూఁగతనము, స్వరవికారము, రుచి తెలియమియుఁ గలుగునని హెచ్చరించెను. ఆయన నాడి నెఱిఁగెనని నే ననఁజాలను. ఫలమును మాత్ర మెఱిఁగెననుట స్పష్టము.

ఇంతవఱకుఁ బ్రాచీననవీనులకు విరోధము లేదు. వివాదము వచ్చినది హకారమునందు. కంఠబిలము సంవృతమైన నాదము, వివృతమైన శ్వాసము, మధ్యస్థమైన హకారధ్వనియు నగునని తైత్తిరీయప్రాతిశాఖ్యము చెప్పి, ఘఝఢధభలయందుఁ గూడ నా ధ్వనియే కలదన్నది. ఆ గ్రంథమును బ్రకటించిన యమెరికాపండితుఁడు విట్నీ, శ్వాసనాదములకు నడుమ మూఁడవది యుండునని తనకుఁ దోఁపలేదని వ్రాసి యీ లక్షణమును నిరాకరించెను. ఇటు పాణినీయులు హకారమును, ఘాదులను సంవారనాదఘోషవంతములలోనే చేర్చి, మహాప్రాణత్వమును వేఱుగాఁ జెప్పిరి. ఏది సత్యము?

స్వరపేటికయే దీనిని దీర్చుచున్నది. కంఠబిలమున ముందు మూఁడువంతులు స్నాయువుల నడిమిది, వెనుక రెండువంతులు దర్వికాస్థుల నడిమిది. ముందుభాగము దగ్గఱై కంపించుచుండఁగా వెనుకభాగము కొంత తెఱచియుండుటకు వీలున్నది. ‘మహిమ’, ‘విధము’ అని చక్కఁగాఁ బలుకునపుడు జరుగున దట్టిదే: నాదమును, దానితోడనే శ్వాసమును వెడలును. కావున సంవారమనిన పాణినీయులును, మధ్యమమనిన ప్రాతిశాఖ్యకారుఁడును ఒకే స్థితిని రెండు వైపులనుండి చూచిరి. 1953లో ఆలెన్ అను నాంగ్లపండితుఁడు ప్రాచీనభారతధ్వనిశాస్త్రమును గూర్చి వ్రాసిన గ్రంథమున విట్నీ యాక్షేపమును ద్రోసివేసి ప్రాతిశాఖ్యమే సరియనెను. దర్పణము లేని కాలమునఁ జెవితోను స్పర్శతోను నింత కనుఁగొనిన మన పూర్వులను విట్నీవంటి ఘనుఁడును మొదట నమ్మలేకపోయెను.

ఈ జ్ఞానము తెనుఁగు వ్యాకరణమునకును వెలుఁగు నిచ్చును. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమునఁ గచటతపలను బరుషములనియు, గజడదబలను సరళములనియు వ్యవహరించెను. ఈ రెండింటి భేదము కేవలము కాకలకమునందలిది. ద్రుతముపైఁ బరుషము సరళమగును: చూచెను + కొండను = చూచెఁ గొండను; కనెను + తామరను = కనెఁ దామరను. ద్రుతము నాదవంతము, పరుషముపై నున్న యచ్చును నాదవంతము. నడుమ నొక్కక్షణము కంఠబిలమును దెఱచి మరల మూయుట కంటె మూసియే యుంచుట సుకరము. నాలుక యున్నచోటనే యుండును, కంఠబిలము తెఱచుట మానును, పరుషము సరళమగును.

గసడదవాదేశ మిట్టిదే యని తలఁచువా రున్నారు. కొంత భేద మున్నది. వాఁడు + తినెను = వాఁడు దినెను అనుచోట మార్పు కంఠమునందే. వాఁడు + పాడెను = వాఁడు వాడెను అనుచోటఁ గంఠమున నాదము చేరుటయేకాక పెదవుల స్పర్శయు సడలినది. వాఁడు + చెప్పెను = వాఁడు సెప్పెను అనుచోటనో, నాదము చేరనే లేదు; స్పర్శ సడలుట మాత్రమే కలిగినది, సకార మఘోషమే గదా. కావున సరళాదేశము కేవలము బాహ్యప్రయత్నవికారము. గసడదవాదేశమునం దాభ్యంతర బాహ్యములు రెండును వేఱువేఱుగాఁ బనిచేయుచున్నవి. ఈ రెండు సూత్రములను బ్రక్కప్రక్కన బోధించు గురువీ భేదమును జూపినచో శిష్యునకు బట్టీ పట్టవలసిన పని సగము తగ్గును.

ఉదాత్తానుదాత్తములు నట్టివే. ఉదాత్తమునకు గాత్రముల బిగువు, స్వరపుఁ గాఠిన్యము, కంఠవివరముయొక్క సన్నదనము అనియు, అనుదాత్తమునకు సడలుట, మార్దవము, వెడల్పు అనియుఁ బతంజలి లక్షణము చెప్పెను. అవటువు ముందునకు వ్రాలి తంత్రులు సాగి సన్నగిలి బిగిసినపుడే స్వర మెగయునని నేఁటివారి సిద్ధాంతము. మంథెనలోఁ గాని, ధర్మపురిలోఁ గాని గోదావరియొడ్డున వేదము వల్లించు బాలుఁడు చూపుడువ్రేలు కాకలకముపై నుంచికొని స్వరము నెత్తి దించి చూచినచో, నా ముడి కదలికయే యతనికి భాష్యార్థమును జెప్పును.

మన సీమ కంఠముతో జీవించువారి సీమ. కరీంనగరప్రాంతమున మల్లన్నకథను, బీరప్పకథను రాత్రులు దాఁక చెప్పు నొగ్గువారును, ఆదిలాబాదునందుఁ గిక్రీ వాయించుచు గోండుల వంశకథలను బాడు పర్ధానులును, నఱువదిమంది బాలురయెదుట దినమంతయుఁ బాఠము చెప్పు పండితులును నీ మెత్తని పొరనే నమ్ముకొన్నవారు. అరచి పలుకుటచేఁ దంత్రుల ముందుమూఁడవవంతు చివరఁ గాయలు కాచి, స్వరము బొంగురుపోవును. తగినంత నీరు త్రాగుట, నడుమ నడుమ మౌనము, కేకకు మాఱుగా స్పష్టోచ్చారణము, ఇవియే ప్రథమచికిత్స. గుసగుసలాడుట విశ్రాంతి యని పలువురు తలఁతురు గాని తీవ్రమైన గుసగుసయుఁ దంత్రులకు శ్రమయే. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్లలందు చుట్టఁబడు బీడీలపొగయు, చుట్టపొగయు నీ యంగమునందలి పుట్టకురుపునకు ముఖ్యకారణములు. మూఁడువారములు దాఁటిన బొంగురును ఉపేక్షింపక వైద్యునకుఁ జూపవలయును.

తుదకుఁ బాఠశాలలలో సరిదిద్దవలసిన దొక్కటి. కంఠశబ్దమును మనము రెండర్థములందు వాడుచున్నాము. కవర్గమునకు స్థానముగాఁ జెప్పఁబడు కంఠము నాలుకమొదలు మెత్తని యంగుటిని దాఁకుచోటు; అది కాకలకమునకుఁ బైన, ఆస్యములోనిది. తైత్తిరీయప్రాతిశాఖ్యము దానిని జిహ్వామూల హనుమూలములని వివరముగాఁ జెప్పినది. హకారవిసర్గములకును, నాదమునకును స్థానమగు కంఠము కాకలకమునకు లోపలిది. ఈ రెండింటిని వేఱుపఱుపకయే ‘కంఠము’ అని చెప్పుటచేత విద్యార్థికి సంశయము తీరదు. పల్కెడి యక్షరముల నీ క్రింది విధమునఁ బరీక్షింపఁజేయుఁడు: కాకలకముపై వ్రేళ్లుంచి సకారమును బొడిగించి పలుకుమనుఁడు, కదలిక తెలియదు. పిమ్మట మకారమును బొడిగింపుమనుఁడు. వ్రేళ్లక్రిందఁ దుమ్మెద మ్రోఁతవంటి కంపము తెలియును. శ్వాసనాదముల భేద మా బాలుని వ్రేళ్లకే తెలిసిన పిదప, పదునొకండు పేరులును అతనికి వల్లెవేయు మాటలుగా నుండవు; తన మెడలోనే నిత్యము జరుగు పనుల పేరు లగును.