మీ ఫాంట్ ‘కోరుట్ల’ను ‘కోరుట’ చేస్తోందా?

సిరిసిల్లలో మా బావకు చీరల షాపుంది. పోయిన దసరాకు ఆయనకో వెబ్ పేజీ చేశాను. డెలివరీకి మూడు బటన్లు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. నా ల్యాప్‌టాప్‌లో అంతా సూపర్. బావ తన ఫోన్‌లో తెరిచి, “ఏం బామ్మర్ది, గీ కోరుట ఏడున్నది?” అన్నాడు.

చూస్తే నిజమే. కోరుట్లలో ‘ల’ ఒత్తు మాయం, జగిత్యాలలో ‘య’ ఒత్తు సగమే మిగిలింది, సొంతూరు కాస్తా ‘సిరిసిల’ అయింది!

తప్పు నాదే. ఏ ఫాంటూ ఇవ్వలేదు కాబట్టి ల్యాప్‌టాప్‌లో విండోస్ వాళ్ల నిర్మలా యూఐ వచ్చింది, ఫోన్‌లో ఇంకోటి. రెండిటి కొలతలు ఒకటి కావు. పైగా ఇంగ్లిష్ అలవాటులో లైన్-హైట్ 1.2 పెట్టి, బటన్ ఎత్తు ఫిక్స్ చేసి, ఓవర్‌ఫ్లో హిడెన్ అన్నాను. ఇంగ్లిష్‌లో కిందికి దిగేవి జి, వై లాంటి కొన్ని అక్షరాలే. మనకు పైన గుడి, కింద ఒత్తు, ‘స్త్రీ’లో అయితే రెండు ఒత్తులు. చోటు కావాలి కదా!

గూగుల్ ఫాంట్స్‌లోని నోటో సాన్స్ తెలుగు పెట్టి, లైన్-హైట్ 1.7 చేశాను. ఫిక్స్‌డ్ ఎత్తు తీసేసి ప్యాడింగ్ ఇచ్చాను. మూడు ఊర్లూ తిరిగొచ్చాయి.

షాపు పేరుకు మాత్రం రామభద్ర. చూడ్డానికి పోస్టర్‌లా గట్టిగా ఉంటుంది. కానీ అందులో ఒకటే వెయిట్, 400. హెచ్1 ట్యాగ్ దానికదే బోల్డ్ అడుగుతుంది, బ్రౌజర్ దొంగ బోల్డ్ తయారుచేస్తుంది, అక్షరాల మధ్య ఖాళీలు పూడుకుపోతాయి. అందుకే ఫాంట్-వెయిట్ 400 అని రాసేయండి.

బావ ఇప్పుడు షాపు పేరు ఇంకా లావు కావాలంటున్నాడు.