బ్యాక్టీరియా నోరు మూయించే నాచు!

సముద్రంలో ఏది మునిగినా కొన్నాళ్లకు పాకుడు పట్టాల్సిందే. పడవ అడుగైనా, లంగరు తాడైనా సరే. ముందు బ్యాక్టీరియా చేరి పల్చటి జిగురు పొర కడుతుంది. దానిమీద మిగతా జీవులు కాపురం పెడతాయి. ఒక్క మిల్లీలీటరు సముద్రపు నీటిలోనే సుమారు పది లక్షల బ్యాక్టీరియా ఉంటుంది మరి! కానీ అదే నీళ్లలో పెరిగే కొన్నిరకాల నాచులు మాత్రం అప్పుడే కడిగినట్టు శుభ్రంగా ఉంటాయి. పారిపోవడానికి వాటికి కాళ్లు లేవు. మనలా రక్తంలో తెల్లకణాల సైన్యమూ లేదు. మరెలా?

ఉన్నదల్లా రసాయనాలే. గోధుమరంగు నాచుల్లోని ఫ్లోరోటానిన్లు బ్యాక్టీరియా పైపొరని దెబ్బతీస్తాయి. ఎర్రనాచులు సముద్రపు నీటిలోని బ్రోమిన్‌ని వాడుకుని తమకి కావలసిన ఆయుధాల్ని తయారుచేసుకుంటాయి.

ఈ వైరం మనకి కొత్తదేం కాదు. దెబ్బ తగిలితే రాసే టింక్చర్‌లోని అయొడిన్ పుట్టిల్లు సముద్రపు నాచే. 1811లో ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ కోర్టువా తుపాకిమందుకి కావలసిన సురేకారం తయారుచేస్తూ నాచు బూడిదలో ఆమ్లం పోస్తే ఊదారంగు ఆవిరి లేచింది. అదే అయొడిన్!

తమాషా ఏంటంటే... ప్రయోగశాలల్లో బ్యాక్టీరియాని పెంచి పోషించేదీ నాచే. రాబర్ట్ కాక్ దగ్గర పనిచేసే వాల్టర్ హెస్సేకి 1881లో ఆ సలహా ఇచ్చింది ఆయన భార్య ఫ్యానీ. జెలాటిన్ వేడికి కరిగిపోతోందని ఆయన తల పట్టుకుంటే, వంటింట్లో జెల్లీకి వాడే అగర్‌ని చూపించింది. ఫలూదాలో మనం వేసుకునే చైనాగ్రాస్ అదే. ఎర్రనాచు నుంచి వస్తుంది.

చంపదు... చెవులు మూస్తుంది

అన్నిట్లోకీ ఆసక్తికరమైన కథ డెలీసియా పుల్క్రాది. ఆస్ట్రేలియా తీరంలో దొరికే ఈ ఎర్రనాచుని 1990లలో న్యూసౌత్‌వేల్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పరిశీలించారు. బ్యాక్టీరియా ఒంటరిగా దాడి చేయదు. రసాయన సంకేతాలతో ఒకదాన్నొకటి పలకరించుకుని, తగినంత మంది పోగయ్యారని తేలాకే పని మొదలుపెడుతుంది. డెలీసియాలోని ఫ్యూరనోన్లు ఆ సంకేతాల్లాగే ఉండి, వాటిని అందుకోనివ్వవు. ఇక కబురు అందదు, దండు కదలదు. చంపేవాటితో పోలిస్తే ఇలాంటి మందుకి బ్యాక్టీరియా అలవాటుపడటం తక్కువ అని ఓ ఆశ. మందులకు లొంగని బ్యాక్టీరియా 2019లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 12.7 లక్షల మందిని పొట్టన పెట్టుకుందన్న లెక్క చూస్తే ఆ ఆశ విలువ తెలుస్తుంది.

విశాఖ తీరంలో ఆటు వేళ రాళ్లమీద కనిపించే అల్వా, గ్రాసిలేరియా, సర్గాసమ్ జాతుల మీదా ఎన్నో ప్రయోగశాలలు పరీక్షలు చేశాయి. నాచుని ఎండబెట్టి, పొడి చేసి, మిథనాల్‌లో నానబెడతారు. ఆ సారంలో ముంచిన కాగితపు బిళ్లని బ్యాక్టీరియా పెరుగుతున్న అగర్ పళ్లెంలో ఉంచుతారు. తెల్లారేసరికి బిళ్ల చుట్టూ ఖాళీ వలయం వస్తే పనిచేసినట్టే. అయితే పళ్లెంలో వలయం వేరు, ఒంట్లో జబ్బు తగ్గడం వేరు. రుతువుని బట్టి, చోటుని బట్టి నాచులోని మందు పాళ్లు మారిపోతాయి. ఇంతవరకూ నాచు నుంచి తీసిన యాంటీబయాటిక్ ఏదీ మందుల షాపుకి చేరలేదు. కాబట్టి నాచు పొడితో ఇన్ఫెక్షన్లు మాయం అని ఎవరైనా సీసా అమ్మితే నమ్మక్కర్లేదు. పైగా కొన్ని నాచుల్లో అయొడిన్ మోతాదు థైరాయిడ్‌ని ఇబ్బంది పెట్టేంత ఉంటుంది.

ముందు రొయ్యకే!

మనుషులకన్నా ముందు దీని ఫలం రొయ్యలకి అందొచ్చు. హేచరీ తొట్టెల్లో రాత్రిపూట వెలుగుతూ రొయ్యపిల్లలు చచ్చిపోయే జబ్బు ఒకటుంది. కారణం విబ్రియో బ్యాక్టీరియా. యాంటీబయాటిక్ వాడదామంటే అవశేషాలు దొరికిన సరుకుని విదేశాలు తిప్పి పంపేస్తాయి. రొయ్యల సాగులో దేశంలోనే ముందున్న ఆంధ్రాకి ఇది చిన్న సమస్యేం కాదు. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2006లో ఫ్యూరనోన్లతో, హేచరీల్లో మేతగా వేసే ఆర్టీమియాని విబ్రియో నుంచి కాపాడగలిగారు. మోతాదు ఎక్కువైతే మాత్రం అది ఆర్టీమియాకే విషమైంది. దాంతో ఆ అణువులో ఆక్సిజన్ బదులు గంధకాన్ని చేర్చి థయోఫినోన్ అనే కొత్త రూపాన్ని పరీక్షించారు. విషం తగ్గింది, పని మాత్రం చేసింది. 2012లో ప్రచురించిన ఆ ఫలితాలూ ప్రయోగశాల గాజుగొట్టాల్లో వచ్చినవే. చెరువు నీళ్ల పరీక్ష వేరే ఉంటుంది.