4.6 రాకెట్ ఇంజన్లలో హైడ్రోజన్ పెళుసుదనం

4.6.1 పరిచయం

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల విద్యార్థులకు శ్రీహరికోట కొత్త పేరు కాదు. 2022 జిల్లాల పునర్విభజనకు ముందు అది కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 2023 జూలై 14న అక్కడి నుంచి చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్ పై దశలో సీఈ-20 ఇంజన్ పనిచేసింది. దాని ఇంధనం -253 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండే ద్రవ హైడ్రోజన్. దహన గదిలో పీడనం సుమారు 60 బార్లు. ఇంధనంగా ఎంతో మేలైన ఈ హైడ్రోజనే కొన్ని లోహాల సాగే గుణాన్ని తగ్గిస్తుంది. దీనిని హైడ్రోజన్ పెళుసుదనం అంటారు. ఇనుములో ఈ మార్పును డబ్ల్యూ.హెచ్. జాన్సన్ 1875లో వివరించాడు.

4.6.2 ఎలా జరుగుతుంది?

లోహపు ఉపరితలంపై హైడ్రోజన్ అణువు రెండు పరమాణువులుగా విడిపోతుంది. అతి చిన్నవైన ఈ పరమాణువులు స్ఫటిక జాలకంలోకి విసరణం చెంది, ప్రతిబలం ఎక్కువగా ఉండే పగులు కొన వద్ద చేరతాయి. అక్కడ లోహం సాగకుండా చిట్లుతుంది. లోహంలో కరిగే హైడ్రోజన్ పరిమాణం పీడనపు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే పీడనం 100 రెట్లయితే కరిగే హైడ్రోజన్ సుమారు 10 రెట్లవుతుంది.

అతిశీతల స్థితిలో విసరణం దాదాపు ఆగిపోతుంది. అందువల్ల ద్రవ హైడ్రోజన్ ట్యాంకు కంటే, అధిక పీడన హైడ్రోజన్ వాయువు గది ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండే భాగాలలోనే ప్రమాదం ఎక్కువ.

4.6.3 నివారణ

అధిక బలం గల ఉక్కులు, మారేజింగ్ ఉక్కు, ఇంకొనెల్ 718 వంటి నికెల్ మిశ్రలోహాలు సులభంగా దెబ్బతింటాయి. రాగి, అల్యూమినియం మిశ్రలోహాలు, కొన్ని ఆస్టెనైటిక్ స్టెయిన్‌లెస్ ఉక్కులు బాగా తట్టుకుంటాయి. అమెరికా స్పేస్ షటిల్ ప్రధాన ఇంజన్‌లో ఇంకొనెల్ 718 భాగాలకు రాగి పూత వేసి రక్షించారు. అయితే రాగిలో ఆక్సిజన్ ఉంటే, వేడి వద్ద హైడ్రోజన్ దానితో కలిసి నీటి ఆవిరిగా మారి లోపలి నుంచి చీలుస్తుంది. కాబట్టి ఆక్సిజన్ లేని రాగినే వాడాలి.

4.6.4 మన చుట్టూ

ఈ సమస్య రాకెట్లకే పరిమితం కాదు. మీ ఊరి వెల్డింగ్ షాపులో చెమ్మ పట్టిన రాడ్డుతో మందమైన, బలమైన ఉక్కును అతికితే, తేమలోని హైడ్రోజన్ అతుకులో చేరుతుంది. ఆ రోజు గట్టిగానే కనిపించిన అతుకు మరునాటికి పగలవచ్చు. రాడ్లను ఓవెన్‌లో ఆరబెట్టి వాడటం ఇందుకే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. హైడ్రోజన్ పీడనం 25 రెట్లయితే లోహంలో కరిగే హైడ్రోజన్ ఎన్ని రెట్లవుతుంది?
2. ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో ఈ ప్రమాదం ఎందుకు తక్కువ?