హెల్మెట్ తలకెక్కిన కథ

1935 మే 13న ఇంగ్లండ్‌లోని డోర్సెట్ ప్రాంతంలో ఒక మోటారుసైకిలు, సైకిళ్ల మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి అదుపు తప్పింది. నడుపుతున్నది ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా ప్రపంచమెరిగిన టి.ఇ. లారెన్స్. తలకు హెల్మెట్ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి చనిపోయాడు. ఆయన్ను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు.

హెల్మెట్ అప్పటికే పుట్టి ఇరవై ఏళ్లయింది. బ్రూక్‌లాండ్స్ రేసుల్లో తలలు పగలడం కళ్లారా చూసిన ఎరిక్ గార్డ్‌నర్ అనే డాక్టరు, కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి గట్టి టోపీలు చేయించాడు. పందేల సంఘం మొదట వద్దంది. తర్వాత మనసు మార్చుకుని 1914 ఐల్ ఆఫ్ మాన్ పందెంలో తప్పనిసరి చేసింది. రేసుగాళ్లకు అలవాటైంది గానీ, రోడ్డు మీది జనం దాన్ని తమ వస్తువనుకోలేదు.

కెయిర్న్స్ ఓపిగ్గా లెక్కలు తీశాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద 2,279 మంది మోటారుసైకిలు ప్రయాణికులు చనిపోయారని 1941లో రాశాడు. ఆ ఏడాది నవంబరులోనే సైన్యం తన మోటారుసైకిలు సిపాయిలందరికీ హెల్మెట్ పెట్టించింది. ఆజ్ఞ వచ్చాక సిపాయికి వేరే దారి లేదు. మరణాలు తగ్గుముఖం పట్టాయని 1946లో ఆయనే చూపించాడు. అయినా మామూలు జనానికి హెల్మెట్ చట్టం 1973లో గానీ రాలేదు. అప్పటికి కెయిర్న్స్ పోయి ఇరవై ఏళ్లు దాటింది.

ఇంతకీ హెల్మెట్ చేసే పని ఏమిటి? తల రోడ్డుకు తగిలితే పుర్రె ఠక్కున ఆగుతుంది. లోపలి మెదడు ఆగదు, అదే ఊపులో వెళ్లి ఎముకకు కొట్టుకుంటుంది. హెల్మెట్ పైచిప్ప దెబ్బను ఒకే చోట పడనీయక పరుస్తుంది. అసలు పని లోపలున్న థర్మోకోల్ పొరది. అది నలుగుతుంది. ఆ నలిగే కొన్ని మిల్లీసెకన్ల వ్యవధిలో తల కాస్త నెమ్మదిగా ఆగుతుంది, ప్రాణం దక్కేది అక్కడే. ఇలా నలిగే పొరకు 1953లో అమెరికాలో రాత్, లాంబార్డ్ అనేవాళ్లు పేటెంట్ పొందారు. నలిగిన పొర మళ్లీ పొంగదు. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా పారేయాల్సిందే.

అమెరికాలో కథ వెనక్కి నడిచింది. రోడ్ల నిధులతో ముడిపెట్టిన 1966 చట్టం పుణ్యమా అని 1975కల్లా 47 రాష్ట్రాల్లో హెల్మెట్ నియమం వచ్చింది. ‘నా తల, నా ఇష్టం’ అని బైకర్లు ఉద్యమించారు. 1976లో కాంగ్రెస్ ఆ ముడి విప్పేయగానే చాలా రాష్ట్రాలు చట్టాన్ని తీసేశాయి. తీసేసిన చోట చావులు పెరిగాయి. స్వేచ్ఛ మాట కొట్టిపారేయదగ్గది కాదు. కానీ తల పగిలినవాణ్ని ఏళ్ల తరబడి మంచం మీద సాకేది ఇంట్లోవాళ్లు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వియత్నాం. మనలాగే ఎండలు, మనలాగే ఇంటిల్లిపాదీ ఒకే బండి మీద. అక్కడ హెల్మెట్‌ను ‘కరెంటు కుక్కర్’ అని ఎగతాళి చేసేవాళ్లు. ఎండకు తగినట్టు గాలాడే తేలికపాటి హెల్మెట్లు హనోయ్‌లో తయారయ్యాయి. 2007 డిసెంబరు 15 నుంచి రోడ్లన్నిటి మీదా తప్పనిసరి అన్నారు. రోజుల్లోనే నూటికి తొంభై మందికి పైగా పెట్టుకున్నారు. ఒక్క రాత్రిలో అందరి అభిప్రాయాలూ మారాయనుకోను. పక్కవాడూ పెట్టుకున్నాడు గనక సిగ్గు పోయింది. అలవాటు ముందొచ్చింది, నమ్మకం తర్వాత వచ్చింది.

మనకు 1988 మోటారు వాహనాల చట్టంలోనే హెల్మెట్ తప్పనిసరి అనే 129వ సెక్షను ఉంది. జుట్టు ఊడుతుందని, మెడ లాగుతుందని, పక్క వీధికే కదా అని ఇంకా అంటూనే ఉన్నాం. చలానా భయానికి ట్యాంకు మీద మోసుకుపోయి, పోలీసు కనబడగానే తగిలించుకుంటాం. ఎండ బాధ నిజమే, గాలాడేది కొనుక్కోవచ్చు. హెల్మెట్ చావు ముప్పును 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుందని ఎన్నో దేశాల పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది.

ఐఎస్ఐ ముద్ర ఉన్నది కొనండి, గడ్డం కింద పట్టీ బిగించండి. వెనక కూర్చునే ఇల్లాలికి, నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా ఒక్కొక్కటి కొనండి.