పదివేల మందిలో ఒక్కడు: పేకాట పోటీలలో నేర్పెంత, అదృష్టమెంత?

2003వ సంవత్సరం మే నెలలో అమెరికాలోని లాస్ వేగాస్ నగరంలో జరిగిన ఒక పేకాట పోటీ ఆ ఆట చరిత్రనే మలుపు తిప్పింది. వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ పేరిట ఏటా జరిగే పోటీలలో అది ప్రధాన టోర్నమెంటు. ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. ఆ ఏడాది 839 మంది బరిలో దిగారు. ఏళ్ల తరబడి పేకముక్కలనే జీవనాధారం చేసుకున్న ఆరితేరిన ఆటగాళ్లు వారిలో ఎందరో ఉన్నారు. కాని చివరికి గెలిచినవాడు వారిలో ఒకడు కాదు. టెన్నెసీ రాష్ట్రంలో పద్దులు చూసుకునే ఉద్యోగి క్రిస్ మనీమేకర్ గెలిచాడు. ఇంటర్నెట్‌లో నూరు డాలర్ల లోపు రుసుముతో జరిగిన అర్హత పోటీలో నెగ్గి అక్కడికి వచ్చిన అతడు, ఆఖరి ఆటలో శామ్ ఫర్హా అనే పేరుమోసిన వృత్తి ఆటగాణ్ణి ఓడించి 25 లక్షల డాలర్లు అందుకున్నాడు.

నక్కతోక తొక్కి వచ్చాడని కొందరన్నారు. సత్తా ఉంది కనుకనే గెలిచాడని మరికొందరన్నారు. ఆ వాదం నేటికీ తెగలేదు. ఒక్క పోటీని మాత్రమే చూసి తేల్చదగిన విషయం కాకపోవడమే అది తెగకపోవడానికి కారణం. నేర్పు, అదృష్టం రెండూ ఆ ఆటలో ఉన్నాయి. అయితే అవి బయటపడే కాలం వేరు. అదృష్టం ఒక్క రాత్రిలో కనబడుతుంది. నేర్పు కనబడడానికి ఏళ్లు పడుతుంది.

నేర్పు ఎక్కడ ఉంది?

ఈ పోటీలో ఆడేది టెక్సాస్ హోల్డెమ్ అనే రకం. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు రహస్యంగా పంచుతారు. తర్వాత అయిదు ముక్కలను విడతలవారీగా బల్లమీద అందరికీ కనబడేట్టు పరుస్తారు. తన రెండు, బల్లమీది అయిదు కలిపి మొత్తం ఏడింటిలో మేలైన అయిదు ముక్కలు ఎవరికి కుదిరితే వారిది గెలుపు. ప్రతి విడతకూ పందెం ఉంటుంది. పందెం పెంచవచ్చు, సరిపెట్టవచ్చు, లేదా రమ్మీలో డ్రాప్ అయినట్లు ముక్కలు పడేసి తప్పుకోవచ్చు.

ముక్కలు ఏవి వస్తాయన్నది ఎవరి చేతిలోనూ లేదు. ఇస్పేటు ఆసు వచ్చినా, కళావరు రెండు వచ్చినా పంచినవాడి చలవే. కాని ఎంత పందెం కాయాలి, ఎప్పుడు తప్పుకోవాలి, ఎదుటివాడు కాసిన పందెం వెనుక నిజంగా ముక్క ఉన్నదా లేక బెదిరింపేనా అన్న నిర్ణయాలు ఆటగాడివే. మిగిలినవారందరూ తప్పుకుంటే, చేతిలో పనికిరాని ముక్కలున్నవాడు కూడా వాటిని చూపకుండానే సొమ్ము తీసుకుపోతాడు. అందుకే దీన్ని కేవలం జాతకం మీద ఆడే ఆట అనడానికి వీల్లేదు. ఇందుకు ఒక తేలికైన పరీక్ష ఉంది. లాటరీలో పాల్గొన్నవాడు ఎంత ప్రయత్నించినా కావాలని ఓడిపోయే టిక్కెట్టును ఎంచుకోలేడు. పోకర్‌లో పనిగట్టుకుని ఓడిపోవడం సాధ్యమే. చెడగా ఆడడానికి వీలున్న ఆటలో బాగా ఆడడానికీ చోటుంటుంది.

అంకెలు కూడా ఇదే చెబుతున్నాయి. ఆర్థిక శాస్త్రవేత్తలు స్టీవెన్ లెవిట్, థామస్ మైల్స్ 2010 నాటి వరల్డ్ సిరీస్ పోటీల ఫలితాలను పరిశీలించారు. అంతకుముందు సాధించిన ఫలితాలను బట్టి నేర్పరులుగా గుర్తించదగిన వారిని ఒక గుంపుగా, తక్కినవారిని మరొక గుంపుగా విడదీశారు. నేర్పరుల గుంపు కట్టిన రుసుముల మీద సగటున 30 శాతం లాభం పొందింది. తక్కినవారు సగటున 15 శాతం నష్టపోయారు. కేవలం అదృష్టమే అయితే రెండు గుంపుల మధ్య ఇంత తేడా రాదు.

అదృష్టం ఎక్కడ ఉంది?

అయితే ఆ 30 శాతం అనేది ఒక గుంపు సగటు. గుంపులోని ప్రతి ఒక్కరికీ ఆ లాభం వచ్చిందని అర్థం కాదు. వృత్తి ఆటగాడి కష్టమంతా ఇక్కడే ఉంది.

ఇద్దరిలో ఒకరికి జత ఆసులు, మరొకరికి జత రాజులు వచ్చాయనుకుందాం. ఆసులున్నవాడు తన దగ్గరున్న బిళ్లలన్నీ ఒడ్డడం సరైన ఆటే. అతడు నూటికి సుమారు 80 సార్లు గెలుస్తాడు. మిగిలిన 20 సార్లు మాత్రం ఏ తప్పూ చేయకుండానే ఓడిపోతాడు. అలా 80 శాతం అనుకూలత గల సందర్భాల్లో వరుసగా అయిదుసార్లు సర్వస్వం ఒడ్డవలసి వస్తే, అయిదూ గెలిచే అవకాశం నూటికి 33 మాత్రమే. పదిసార్లు అయితే అది 11కు పడిపోతుంది. ప్రతిసారీ సరైన నిర్ణయమే తీసుకున్నవాడు సైతం ఎక్కువ సందర్భాల్లో మధ్యలోనే లేచిపోవలసి వస్తుంది. జత రాణులకు ఎదురుగా ఆసు, రాజు ఉన్నప్పుడైతే పరిస్థితి ఇంచుమించు బొమ్మా బొరుసా వేసినట్లే.

పదివేల మంది పోటీలో చివరికి అందరి బిళ్లలూ ఒక్కరి ముందుకే చేరాలి. అంటే మొదట ఇచ్చిన బిళ్లలు పదమూడు, పద్నాలుగుసార్లు రెట్టింపు కావాలి. ఆ దారిలో ఎక్కడో ఒకచోట అదృష్టం కలిసిరాకుండా ఏ ఆటగాడూ గమ్యం చేరలేడు. పైగా టోర్నమెంటులో బ్లైండ్లు అనే తప్పనిసరి పందేలు గంటలు గడిచేకొద్దీ పెరుగుతూ ఉంటాయి. వాటితో పోలిస్తే చేతిలోని బిళ్లలు తరిగిపోతాయి కనుక నిదానంగా ఆలోచించి ఆడే వెసులుబాటు తగ్గుతుంది. సొమ్ము ఎక్కువగా ఉన్న చివరి ఘట్టంలోనే నేర్పు చూపడానికి తావు తక్కువ కావడం ఈ పోటీల్లోని విచిత్రం.

బహుమతుల పంపకం ఈ ఒడిదుడుకులను మరింత పెంచుతుంది. సాధారణంగా పాల్గొన్నవారిలో సుమారు 15 శాతం మందికే ఎంతో కొంత దక్కుతుంది. వారిలోనూ ఎక్కువమందికి వచ్చేది రుసుముకు కాస్త ఎక్కువ మాత్రమే. 2024 ప్రధాన టోర్నమెంటులో 10,112 మంది ఆడగా మొత్తం బహుమతి సొమ్ములో పదో వంతుకు పైగా, అంటే కోటి డాలర్లు, విజేత ఒక్కడికే వెళ్లాయి. కనుక నేర్పరి సంపాదనలో అధిక భాగం ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద గెలుపులోనే ఉంటుంది. అది వచ్చేదాకా వరుసగా వచ్చేవి నష్టాలే.

దీన్ని ఒక ఊహా లెక్కతో తేలికగా గ్రహించవచ్చు. వెయ్యిమంది ఆడే పోటీలో ఒకే ఒక్క బహుమతి ఉందనుకుందాం. సామాన్యుడి అవకాశం వెయ్యింట ఒకటి. నేర్పరి అవకాశం దానికన్నా 30 శాతం ఎక్కువ. ఇద్దరూ అలాంటి పోటీలు 500 చొప్పున ఆడారు. ఒక్కసారి కూడా గెలవకుండా మిగిలిపోయే అవకాశం సామాన్యుడికి నూటికి 61 అయితే, నేర్పరికి 52. అయిదువందల పోటీల తర్వాత కూడా, ఒట్టిచేతులతో ఉన్న ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే ఎవరు నేర్పరో చెప్పడం కష్టం.

చిన్న బరి, పెద్ద బరి

ఆ పోటీల చరిత్రే ఇందుకు తార్కాణం. జానీ చాన్ 1987, 1988 సంవత్సరాల్లో వరుసగా ప్రధాన టోర్నమెంటు గెలిచాడు. 1989లో రెండో స్థానంలో నిలిచాడు. స్టూ ఉంగర్ 1980, 1981, 1997 సంవత్సరాల్లో మూడుసార్లు గెలిచాడు. చాన్ గెలిచిన రోజుల్లో ఆడినవారు రెండువందల మంది కూడా లేరు. మనీమేకర్ విజయం చూసి జనం వెల్లువెత్తారు. 2004లో 2,576 మంది, 2006లో 8,773 మంది, 2023లో 10,043 మంది ఆడారు. చాన్ తర్వాత వరుసగా రెండేళ్లు గెలిచినవారు లేరు. ఆనాటివారికన్నా నేటివారు తక్కువ నేర్పరులని దీని అర్థం కాదు. బరి పెద్దదైంది, అంతే.

లెక్క సులువు. సగటు ఆటగాడికి రెట్టింపు అవకాశం గల నిపుణుడికి 167 మంది పోటీలో గెలుపు అవకాశం సుమారు 83లో ఒకటి. పదివేల మంది పోటీలో అదే నిపుణుడి అవకాశం 5,000లో ఒకటి. నలభై ఏళ్లపాటు ఏటా విడవకుండా ఆడినా, ఒక్కసారైనా గెలిచే అవకాశం నూటికి ఒకటికన్నా తక్కువే. మనిషి ఆయుర్దాయమే చాలదన్నమాట.

మైకేల్ మిజ్రాకీ ఉదంతం ఈ రెండు బరుల తేడాను ఒకేచోట చూపుతుంది. 50,000 డాలర్ల రుసుముతో, పలు రకాల పోకర్ ఆటలు కలిపి, దాదాపు నూరుమంది మాత్రమే ఆడే పోటీని అతడు 2010, 2012, 2018, 2025 సంవత్సరాల్లో నాలుగుసార్లు గెలిచాడు. దాన్ని అదృష్టమని ఎవరూ అనరు. 2025 వేసవిలోనే 9,735 మంది ఆడిన ప్రధాన టోర్నమెంటు కూడా గెలిచాడు. అతడు నేర్పరి అనడానికి ఆ నాలుగు చిన్న పోటీలే బలమైన సాక్ష్యం. పేరు తెచ్చింది మాత్రం పెద్దదే.

వృత్తి ఆటగాళ్ల జాగ్రత్త

ఈ సంగతి వృత్తిలో ఉన్నవారికి బాగా తెలుసు. అందుకే చాలామంది పెద్ద పోటీలకు పూర్తి రుసుము తామే భరించరు. తమ ఆటలో వాటాలు అమ్ముకుంటారు. గెలిస్తే వాటాదారులకు వారి భాగం, ఓడితే నష్టంలోనూ వారికి భాగం. స్నేహితులైన ఆటగాళ్లు తమ గెలుపుల్లో కొద్ది శాతాలు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటారు. ఒక్క పోటీకి తమ మూలధనంలో ఏ కొద్ది భాగమో తప్ప కేటాయించరు. వర్షాధారపు రైతు ఒకే పంటను నమ్ముకోకుండా నాలుగు రకాలు వేసుకోవడం వంటిదే ఇది. ఆటను ఎరిగినవారే అదృష్టానికి ఇంతగా భయపడుతుంటే, ఎరగనివారు ధైర్యపడడం గమనించదగ్గ విషయం.

మన చట్టం ఏమంటోంది?

నేర్పా, అదృష్టమా అన్న ప్రశ్న తెలుగునాటా చాలాకాలం కోర్టుల్లో నలిగింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో జరిగిన రమ్మీకి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 1968లో తీర్పునిచ్చింది. రమ్మీలో ప్రధానమైనది నేర్పేననీ, మూడుముక్కలాట వంటివి కేవలం అదృష్టం మీద ఆధారపడినవనీ అందులో పేర్కొంది. జూదం రాష్ట్రాల అధికారంలోని విషయం కనుక సరిహద్దు గ్రామాలవారికి గట్టు దాటితే మరో చట్టం ఎదురయ్యేది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. కర్ణాటక 2021లో చేసిన సవరణలోని కీలక భాగాలను అక్కడి హైకోర్టు 2022లో కొట్టివేసింది. తమిళనాడు 2022 చట్టం రమ్మీకి, పోకర్‌కు వర్తించదని మద్రాసు హైకోర్టు 2023లో తేల్చింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం ఈ వాదాన్నే పక్కకు పెట్టింది. నేర్పు ఆటైనా, అదృష్టపు ఆటైనా డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది.

చట్టం సంగతి అటుంచినా, ఇంటి లెక్కకు పనికివచ్చే ప్రశ్న మరొకటి ఉంది. ఆటలో నేర్పు ఉన్నదా అన్నది కాదు. ఆ నేర్పు ఫలించేదాకా నష్టాలు భరించగల స్తోమత ఉన్నదా అన్నది. పెద్ద పోటీలో గెలిచిన ఒక్కడి బొమ్మ పత్రికల్లో పడుతుంది. అంతే బాగా ఆడి, జత ఆసులతో ఓడి, రాత్రి బండి ఎక్కి ఇంటికి వెళ్లినవారి బొమ్మలు ఎక్కడా పడవు. చూసేవారు గెలుపు వెనుక నేర్పును మాత్రమే చూస్తారు. ఒకసారి గెలిచినవాడు కూడా తన గెలుపును అలాగే చూస్తాడు. ఉన్న ఉద్యోగం మానుకోవాలన్న ఆలోచన, అప్పు చేసైనా మళ్లీ ఆడాలన్న తపన పుట్టేది సరిగ్గా అక్కడే.

ఒక్క ఓటమి చేతకానితనానికి రుజువు కాదు. ఒక్క గెలుపు నేర్పుకు రుజువు కాదు. మొదటి మాటను ఓడినవాడు ఎన్నడూ మరవడు. రెండో మాటను గెలిచినవాడు మరిచినప్పుడు మాత్రం దాని వెల కట్టేది అతడొక్కడే కాదు, అతని ఇల్లు కూడా.